ఎవరూ లేని డిష్‌లో వెలుగు

"తలుపు!"

ఆ అమ్మాయితో నేను అన్న మొదటి మాట అది. అన్నాను అనడం కూడా మర్యాద కోసమే. నిజానికి అరిచాను.

మా మైక్రోస్కోప్ గది తలుపు మీద పదకొండు రూల్స్ అంటించి ఉంటాయి. రాసింది నేనే, లామినేట్ చేయించింది నేనే, ఇంతవరకూ పూర్తిగా చదివింది కూడా నేనొక్కణ్ణే. ఆ మంగళవారం మధ్యాహ్నం ఆమె ఒక్క అడుగులో మూడు రూల్స్‌ని తుంగలో తొక్కింది. తలుపు బార్లా తెరిచి వదిలేసింది. చెప్పులు విప్పలేదు. చంకలో గొడుగు, దాని కొస నుంచి నీళ్ళు టపటపా కారుతున్నాయి.

"బయట వానండీ" అంది, నాకేదో శుభవార్త చెబుతున్నట్టు.

"లోపల మెషీన్ అండీ. దానికి వాన పడదు. తలుపు తీస్తే గాలొస్తుంది, గాలొస్తే లెన్స్ చల్లబడుతుంది, లెన్స్ చల్లబడితే ఫోకస్ జారుతుంది, ఫోకస్ జారితే అందరూ వచ్చి నా పీక పట్టుకుంటారు."

"నేను రావడం ఇవాళే మొదలు. పీక పట్టుకునేంత పరిచయం లేదు మనకి."

అని కాలితో తలుపు నెట్టింది. చేతులు ఖాళీ లేవు మరి. ఒక చిన్న థర్మోకోల్ పెట్టెను రెండు చేతులతో గుండెకి హత్తుకుని ఉంది.

"అందులో ఏముంది?"

"సెల్స్. ముప్ఫై ఏడు డిగ్రీల దగ్గర ఉంచాలి. మీరు ఇంకో రెండు నిమిషాలు తిడితే చల్లారిపోతాయి. తిట్టడం తర్వాత పెట్టుకుందామా?"

నాకు తెలియకుండానే "సరే" అన్నాను. ఆ గదిలో నేను ఎవరికీ అంత త్వరగా సరే అన్న గుర్తు లేదు.

ఆమె పైన మూడో అంతస్తులో, ఇమ్యూనిటీ లాబ్‌లో రీసెర్చ్ చేస్తోంది. నేను కింద ఈ గదికి ఆపరేటర్‌ని. పెద్ద డిగ్రీలేం లేవు. కళ్ళద్దాల షాపు నడిపే నాన్న దగ్గర పెరిగాను, లెన్స్ తుడవడం అక్షరాల కంటే ముందే నేర్చుకున్నాను. అందుకే ఆమె మెషీన్ మీదికి వంగినప్పుడు నా చూపు ముందుగా పడింది ఆమె కళ్ళద్దాల మీద. ఎడమ పక్క స్క్రూ ఊడిపోయి, దాని బదులు స్టేపుల్ పిన్ను వంచి దోపి ఉంది. మా నాన్న చూస్తే ఆ పూట అన్నం మానేసేవాడు.

బుకింగ్ షీటులో పేరుండాల్సిన చోట ఒక గీత, రెండు సున్నాలు. ప్రతి మంగళవారం రెండు నుంచి ఐదు దాకా అదే సంతకం. చదవడం చేతకాక మనసులో ఆమెకి "మంగళవారం" అని పేరు పెట్టుకున్నాను. తర్వాత అసలు పేరు తెలిసింది గానీ, అప్పటికే ఇది స్థిరపడిపోయింది. ఆమె మాత్రం నన్ను పైకే "ఫోకస్ గారూ" అని పిలిచేది.

రెండో మంగళవారం వాన లేదు, గొడుగు లేదు, చెప్పులు కూడా బయటే విప్పింది. తిట్టడానికి ఏమీ దొరక్క నేనే మాట కలిపాను.

"ఇంతకీ మీ సెల్స్ ఏం చేస్తాయండీ?"

ఆమె కళ్ళద్దాలు పైకి నెట్టుకుని స్క్రీన్ చూపించింది. నల్లటి తెర మీద మసక ఆకుపచ్చ చుక్కలు మెల్లగా పాకుతున్నాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో నూరో వంతు.

"ఇవి టి-సెల్స్. రక్తంలోంచి తీసి, పని తగిలితే వెలిగే రంగు పట్టించినవి. వీటి పనే తిరగడం. తిరుగుతూ ఎదురైన ప్రతి సెల్‌నీ తాకి చూస్తాయి. అదిగో, ఆ పెద్దది ఉంది చూశారా, అది వార్త తెచ్చే సెల్. ఒంట్లో ఎక్కడైనా సూక్ష్మజీవి దొరికితే, దాని ముక్కని ఒంటి మీద తగిలించుకుని వస్తుంది. టి-సెల్ ఆగి తడిమి చూస్తుంది. రెండు మూడు నిమిషాలు. తనకి సంబంధించిన వార్త కాకపోతే వెళ్ళిపోతుంది."

"సంబంధించినదైతే?"

"చూడండి."

ఒక చిన్న చుక్క పెద్దదాన్ని తాకింది. ఆగింది. ఇంకా ఆగే ఉంది. కోలగా ఉన్నది గుండ్రమైంది. దాని లోపల ఒక ఎర్రటి చుక్క ఉంది. అది అటు చివరన ఉన్నదల్లా మెల్లగా తిరిగి, తాకిన వైపుకి వచ్చి నిలబడింది. మరుక్షణం సెల్ అంతా ఆకుపచ్చగా భగ్గుమంది.

నేను కుర్చీలోంచి సగం లేచాను.

"ఆ ఎర్రది సెల్‌కి ఇరుసు లాంటిది" అంది ఆమె. "అది ఎటు తిరిగితే లోపలున్న సామానంతా అటే వస్తుంది. అప్పటిదాకా ముందూ వెనకా తేడా లేకుండా తిరిగిన సెల్‌కి, ఇప్పుడు మొహం ఇటే."

"ఇంటికి చుట్టాలొస్తే కుర్చీలన్నీ ముందు గదిలోకి లాక్కొచ్చినట్టా?"

ఆమె నవ్వింది. నవ్వితే స్టేపుల్ పిన్ను ఊడి కింద పడింది. ఇద్దరం నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, టార్చి వేసి, ఐదు నిమిషాలు దాన్ని వెతికాం. దొరికాక నేనే దోపి ఇచ్చాను. మా షాపులో రెండు నిమిషాల పని అని చెప్పొచ్చు. చెప్పలేదు. స్క్రూ బిగిస్తే పిన్ను మళ్ళీ పడదు కదా అని ఒక నీచమైన ఆలోచన వచ్చింది, దాచడం ఎందుకు.

అసలు చిక్కు నాలుగో వారంలో వచ్చింది.

"కంట్రోల్ కుదరట్లేదండీ" అని నుదురు కొట్టుకుంది. పక్కన ఎవరూ లేకుండా టి-సెల్స్‌ని మాత్రమే డిష్‌లో వేసి, అవి వెలగవని చూపించాలట. లేకపోతే, వెలిగింది ఇంకో సెల్‌ని కలిసినందుకే అని ఎవరు నమ్ముతారు? "కానీ ఒంటరిగా ఉంటే వీటికి కాలు నిలవదు. తాకడానికి ఏమీ ఉండదుగా, నీళ్ళలో కొట్టుకుపోతాయి. ఐదు నిమిషాల్లో తెర ఖాళీ. మా గైడు మేడం ఏమో నలభై నిమిషాల ఫిల్మ్ కావాలంటారు."

ఆ మొహం చూసి నాకు ప్రాణం ఉసూరుమంది.

మా గది ఫ్రిజ్‌లో ఒక చిన్న సీసా ఉంది. మెదడు కణాల మీద పనిచేసే కుర్రాళ్ళు పెట్టింది. అందులో జిగురు లాంటి ద్రవం, ఒక చుక్క గాజు మీద వేసి అరగంట ఉంచి కడిగేస్తే, పైన వేసిన కణాలు అంటుకుని కూర్చుంటాయి. డిష్‌లు ఇచ్చేది ఎలాగూ మా గదే. తర్వాతి సోమవారం సాయంత్రం నేను ఆమె కోసం తీసిపెట్టిన కంట్రోల్ డిష్‌లకి ఆ చుక్కలు వేశాను.

తలుపు మీద ఏడో రూలు ఇలా ఉంటుంది: ఇతరుల శాంపిల్స్‌ని, డిష్‌లని ముట్టుకోరాదు. ఎర్ర అక్షరాలతో రాసింది ఎవరో మీకు తెలుసు.

మంగళవారం ఆమె సెల్స్ వేసి చూసింది. ఒక్కటీ కదల్లేదు, క్లాసులో పిల్లల్లా వరసగా కూర్చున్నాయి.

"ఫోకస్ గారూ! నిలబడ్డాయి! ఇవి కొత్త డిష్‌లా?"

చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె నా మోచేతిని పట్టుకుని ఊపేస్తోంది, కళ్ళు ఇంతింత చేసి నవ్వుతోంది. తనకి సాయం చేశానని చెప్పి మార్కులు కొట్టెయ్యడం చిన్నతనంగా అనిపించింది. "మీ అదృష్టం అండీ" అన్నాను, గొప్ప త్యాగమూర్తిలా.

పది నిమిషాలు గడిచాయి. తెర మీద ఒక చుక్క వెలిగింది. తర్వాత ఇంకొకటి. అరగంటకి సగం సెల్స్ ఆకుపచ్చగా మెరుస్తున్నాయి.

ఆమె చెయ్యి నా మోచేతి మీదనుంచి జారిపోయింది.

"పక్కన ఎవరూ లేరు కదా" అంది నెమ్మదిగా. "ఎవర్ని చూసి వెలుగుతున్నాయి ఇవి?"

ఆ తర్వాతి మూడు వారాలు ఆమెకి నరకం. నాకు, సిగ్గులేకుండా చెబుతున్నా, పండగ. ఎందుకంటే మంగళవారాలు చాలక ఆమె ఎవరు స్లాటు వదులుకుంటే ఆ స్లాటుకి దిగేది. సెల్స్‌కి పోసే ద్రవం మార్చింది. రంగు మార్చింది. పెట్టె మార్చింది. అన్నిటికీ ఓపిగ్గా నా గదిలోని డిష్‌లే వాడింది, నేను ఓపిగ్గా జిగురు వేసి ఇస్తూనే ఉన్నాను. ఆ జిగురుకీ ఈ వెలుగుకీ ముడిపెట్టే బుర్ర నాకు లేదు. అది పట్టి ఉంచుతుంది, అంతే అనుకున్నాను.

"రక్తం ఇచ్చిన మనిషిలోనే తేడా ఉందేమో" అంది ఒకరోజు.

"నాది తీసుకోండి."

"సూదంటే భయం లేదా?"

"నాకా? ఛ."

ఫారం మీద సంతకం పెట్టి, మొహం గోడవైపు తిప్పుకుని రక్తం ఇచ్చాను. ఇచ్చాక రెండు బిస్కెట్లు, ఒక గ్లాసు నీళ్ళు, పది నిమిషాలు కాళ్ళు పైకెత్తి పడుకోవడం. ఆమె పక్కన కూర్చుని అట్టముక్కతో విసురుతూ నవ్వు ఆపుకుంది. ఆ అట్టముక్క ఇప్పటికీ నా డ్రాయర్లో ఉంది.

మర్నాడు నా సెల్స్ కూడా ఒంటరిగా డిష్‌లో కూర్చుని, ఎవరూ లేకుండానే వెలిగిపోయాయి.

"మీవీ అంతే!" అని తల పట్టుకుంది. "ఎవరూ పక్కన లేకుండా తమలో తామే ఎలా మురిసిపోతాయండీ?"

అది ఎలాగో నాకు బాగా తెలుసు. బుధవారం నుంచి సోమవారం దాకా నా పని అదే. పైకి మాత్రం "ఏమోనండీ" అన్నాను.

చివరికి మేడం కిందికి దిగి వచ్చింది. ఆమె గైడు, మాట తక్కువ మనిషి. మూడు వారాల ఫిల్ములు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఎవరూ లేని డిష్ వెలుగుతోందంటే, ఎవరో ఉన్న డిష్ వెలిగినా అర్థం లేదు. మూడేళ్ళ నీ పనంతటికీ విలువ పోతుంది. వచ్చే శుక్రవారం కమిటీ. అప్పటికి ఒక్క చీకటి డిష్ చూపించు. లేకపోతే ఈ ప్రాజెక్టు మూసేసి, నిన్ను వేరే ఊళ్ళో నా స్నేహితురాలి లాబ్‌కి పంపిస్తాను. అక్కడ కొత్తగా మొదలుపెడుదువు గాని."

మేడం వెళ్ళిపోయాక ఆమె ఏడవలేదు. కళ్ళద్దాలు తీసి, స్టేపుల్ పిన్ను అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. వేరే ఊరు అన్న మాట దగ్గరే నా గుండె ఆగిపోయి ఉంది.

కమిటీకి మూడు రోజుల ముందు మంగళవారం. ఆమె మామూలుగా ఒకే పొరలో ఫిల్మ్ తీసుకుని, నీరసంగా పైకి వెళ్ళిపోయింది. ఐదు దాటింది. డిష్ ఇంకా మెషీన్ మీదే ఉంది కదా, ఈ నెల లెన్స్ సరిచూసే పని కూడా కానిచ్చేద్దామని పొరలు పొరలుగా ఫోటోలు తీశాను. అలా తీసినవి పేర్చి కంప్యూటర్‌లో తిప్పితే సెల్‌ని పక్కనుంచి చూడొచ్చు. లెన్స్ బాగానే ఉంది. తెర మీది బొమ్మని మూసేయబోతూ ఆగిపోయాను.

ఎర్ర చుక్కలు.

పైనుంచి చూస్తే అవి సెల్ మధ్యలో ఉన్నట్టు కనిపించేవి. పక్కనుంచి చూస్తే మధ్యలో లేవు. ప్రతి సెల్‌లోనూ ఆ ఇరుసు అడుక్కి దిగి కూర్చుంది. ఒకటి కాదు, ముప్ఫై సెల్స్‌లో ఇరవై ఆరు. అన్నీ కిందికే మొహం తిప్పుకున్నాయి. గాజు వైపుకి.

ఎవరూ లేకుండా వెలగలేదు అవి. వాటికి ఎవరో తగిలారు. కదలనీకుండా కౌగిలించుకుని పట్టుకున్నారు. అదే నా జిగురు.

రెండు దారులు కనిపించాయి. రేపటినుంచి జిగురు వెయ్యడం మానేసి, ఏమీ ఎరగనట్టు ఊరుకోవచ్చు. వెలుగు పోతుంది, నా పేరు బయటికి రాదు. కానీ మూడు వారాలు ఎందుకు పాడయ్యాయో ఆమెకి ఎప్పటికీ తెలియదు. కమిటీ అడిగితే ఏం చెబుతుంది? "ఏమోనండీ" అంటుందా, నాలాగా?

బుధవారం పొద్దున్న తొమ్మిదింటికి మూడో అంతస్తు మెట్లెక్కాను. ఆమెని కిందికి పిలిచి, తెర మీద ఆ బొమ్మ పెట్టి, సీసా పక్కన పెట్టి, మొత్తం చెప్పేశాను.

ఆమె బొమ్మ వైపు చూసింది. సీసా వైపు చూసింది. చివరికి నా వైపు.

"ఎన్నాళ్ళనుంచి?"

"నాలుగో వారం... తర్వాత నుంచి."

"అంటే మొదటి డిష్ నుంచీ. నేను మీ మోచెయ్యి పట్టుకుని గెంతిన రోజు నుంచీ."

"అవును."

"ద్రవం మార్చాను. రంగు మార్చాను. మీ రక్తం తీసుకున్నాను! సూదికి కళ్ళు తేలేశారు మీరు. అప్పుడైనా అనిపించలేదా?"

"మీకు సాయం చేద్దామని..."

"ఏడో రూలు ఎవరు రాశారు?"

"నేనే."

"చెప్పకుండా చేసేది సాయం కాదండీ. నా పనిలో నాకు తెలియకుండా ఒక చెయ్యి ఉంటే, నేను చూసేది దేన్నని నమ్మాలి? మిమ్మల్ని నమ్మాను నేను. మెషీన్ కంటే ఎక్కువ."

తలుపు దడాలున వేసి వెళ్ళిపోయింది. అది రెండో రూలు. ఆమెని తప్పుపట్టే ముఖం నాకు లేదు. ఆ కుర్చీలో కూర్చుని, నన్ను నేను తిట్టుకోగలిగినన్ని తిట్లు తిట్టుకున్నాను, కొన్ని కొత్తవి కూడా కనిపెట్టాను.

ఇరవై నిమిషాల తర్వాత తలుపు తెరుచుకుంది. చెప్పులు బయటే విప్పింది.

"ఇంకా కోపంగానే ఉన్నాను" అంది ముందుగా.

"ఉండండి."

"కానీ శుక్రవారం ఆగదు. జిగురు లేకుండా వాటిని తెర మీద నిలబెట్టాలి. మెషీన్ మీది. ఎలా?"

ఇరవై నిమిషాల తిట్ల మధ్య నేను ఆలోచించింది కూడా అదే.

"నిలబెట్టొద్దు" అన్నాను. "పట్టుకుంటేనే కదా తప్పు. వాటి మానాన వాటిని పోనిద్దాం. మనమే వెంట వెళదాం."

"వెంటా?"

"డిష్‌ని జరిపే జాయ్‌స్టిక్ ఉందిగా. ఒకే ఒక్క సెల్‌ని ఎంచుకుందాం. అది కుడికి కొట్టుకుపోతే నేను డిష్‌ని ఎడమకి జరుపుతాను. అది పైకీ కిందికీ పోతే మీరు ఫోకస్ తిప్పండి. నలభై నిమిషాలు కళ్ళార్పకుండా."

"చేత్తోనా? నలభై నిమిషాలా?"

"చిన్నప్పుడు అంతకంటే చిన్న స్క్రూలు పట్టుకున్న చేతులండీ ఇవి."

ఆమె పెదవి కొస కొద్దిగా కదిలింది. కోపం అని చెప్పింది కాబట్టి అది నవ్వు కాదనే అనుకున్నాను.

మెదడు కణాల కుర్రాణ్ణి బతిమాలి మధ్యాహ్నం స్లాటు తీసుకున్నాం. మామూలు గాజు డిష్, దేనికీ అంటుకోకుండా ప్రొటీన్ నీళ్ళతో కడిగింది. ఆమె నా కళ్ళ ముందే తీసింది, నా కళ్ళ ముందే కడిగింది, "చూశారుగా?" అని అడిగి నా చేత "చూశాను" అనిపించుకుంది. అందులో వేసినవి మిగిలిన నా సెల్సే.

రికార్డింగ్ మొదలైతే మాట్లాడకూడదు, నాలుగో రూలు. గొంతుకి కూడా మెషీన్ అదురుతుంది. కాబట్టి నలభై నిమిషాలు ఇద్దరం పక్కపక్కన, మోచేతికి మోచెయ్యి తగిలేంత దగ్గరగా, నోరు మెదపకుండా కూర్చున్నాం. నా చెయ్యి జాయ్‌స్టిక్ మీద, ఆమె వేళ్ళు ఫోకస్ చక్రం మీద. తెర మీద ఒకే ఒక్క మసక చుక్క. అది ఎడమకి పోతే వెంట వెళ్ళాం. సుడి తిరిగితే వెంట తిరిగాం. ఒకసారి నేను పొరపాటున వేగంగా జరిపాను, చుక్క అంచుదాకా పోయింది, ఆమె పెన్నుతో నా డొక్కలో పొడిచింది. నొప్పికి కిక్కురుమనలేదు.

పది నిమిషాలు. చీకటి. ఇరవై. చీకటి. ముప్ఫై. నా మెడ పట్టేసింది. చుక్క వెలగలేదు. ఎవరూ తగల్లేదు కాబట్టి ఎటూ మొహం తిప్పలేదు, ఏమీ జరగలేదు. నలభై నిమిషాలు ఏమీ జరక్కపోవడం చూసి ఇంత సంతోషపడే మనుషులు ఇంకెక్కడా ఉండరేమో.

అప్పుడు ఆమె ఫిల్మ్ ఆపకుండానే, సన్నటి గొట్టంలోంచి వార్త తెచ్చే సెల్స్‌ని డిష్‌లోకి వదిలింది. కొన్నిటికే వార్త తగిలించి ఉంది.

మా చుక్క ఒకదాన్ని తాకింది. తడిమింది. వదిలేసింది. రెండోదాన్ని తాకింది. వదిలేసింది. మూడోదాని దగ్గర ఆగింది.

ఒక నిమిషం. మూడు. ఐదు. కదల్లేదు. నేను జాయ్‌స్టిక్ మీదనుంచి చెయ్యి తీసేశాను, ఇక అవసరం లేదు. ఎర్ర చుక్క మెల్లగా తిరిగి అటువైపుకి వచ్చింది. సెల్ అంతా దీపంలా వెలిగింది.

మాట్లాడకూడదు కాబట్టి ఆమె నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. రికార్డింగ్ ఆగిపోయాక కూడా కాసేపు వదల్లేదు, మేమిద్దరం ఆ సంగతి గమనించనట్టు తెరవైపే చూశాం.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ఆమె నా గదికి వచ్చింది. చేతిలో నల్లటి మార్కర్ పెన్ను.

"ఏమైంది?" అన్నాను.

"ఒప్పుకున్నారు. ప్రాజెక్టు ఇక్కడే, నేనూ ఇక్కడే. పైగా మీ జిగురు ఫిల్మ్‌కి రెండు స్లైడ్లు ఇచ్చాను. ఇంకెవరూ ఆ తప్పు చెయ్యకుండా దాన్ని కూడా రాయమన్నారు మేడం."

"నా పేరుతోనా?"

"తప్పు ఎవరిదని అడిగారు. 'మాది' అన్నాను."

ఆ ఒక్క మాటకి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లెన్స్ తుడిచే గుడ్డ వెతుక్కునే వంకతో అటు తిరిగాను.

ఆమె తలుపు దగ్గరికి వెళ్ళి, నా లామినేషన్ మీద, నా పదకొండు రూల్స్ కింద, గుండ్రటి అక్షరాలతో పన్నెండోది రాసింది: ఏం చేసినా చెప్పి చెయ్యాలి.

"ఫోకస్ గారూ" అంది పెన్నుకి మూత పెడుతూ. "ఇంకేమైనా చెప్పకుండా చేస్తున్నారా?"

గది చిన్నది. దాక్కునే చోటు లేదు.

"ఒకటుంది."

"ఎప్పటినుంచి?"

"గొడుగు కారిన రోజు నుంచి. మీరంటే నాకు ఇష్టం. స్లాటు ఐదింటికి అయిపోతే గడియారం మీద కోపమొస్తుంది. మీ కళ్ళద్దాల స్క్రూ మా షాపులో రెండు నిమిషాల పని, కావాలనే చెప్పలేదు. అంతే. ఇంక చెప్పనిది ఏమీ లేదు."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. మొహం మాత్రం కమిటీ ముందు నిలబడ్డంత గంభీరంగా పెట్టింది.

"కంట్రోల్ ఏదీ?"

"ఆఁ?"

"నేను ఎదురుగా ఉన్నప్పుడు మీరు వెలగడం నేనే చూశాను. నేను లేనప్పుడు ఎలా ఉంటారో తెలియొద్దూ? రోజూ అందరి దగ్గరా ఇలాగే వెలిగే మనిషైతే నేనేం చెయ్యాలి? డేటా చూడకుండా నేను దేన్నీ నమ్మను. మీ షాపు ఎక్కడ?"

శనివారం పొద్దున్న ఆమె మా కళ్ళద్దాల షాపు మెట్లెక్కేసరికి చినుకులు పడుతున్నాయి. గొడుగు బయటే దులిపి లోపలికి వచ్చింది. నేను కౌంటరు వెనక నాలుగు రోజుల గడ్డంతో, నలిగిన చొక్కాతో ఫ్రేములు తుడుస్తున్నాను. ఆమె అంత పొద్దున్నే వస్తుందనుకోలేదు.

నాన్న ఆమెని చూడలేదు. స్టేపుల్ పిన్నుని చూశాడు. "అయ్యయ్యో, ఏం గతి పట్టిందమ్మా దీనికి" అని రెండు చేతులా అందుకుని, స్క్రూ బిగించి, అలవాటు కొద్దీ ఆమెని చూపు పరీక్ష కుర్చీలో కూర్చోబెట్టాడు. బరువైన ఫ్రేము పెట్టి అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, అది బాగుందా?" మొదలుపెట్టాడు.

"అదే బాగుందంకుల్. ఒక్క మాట అడగొచ్చా? మీ అబ్బాయి ఇంట్లో ఎలా ఉంటాడు?"

నాన్న అద్దం పట్టుకుని ఆగిపోయాడు. ఆమెని చూశాడు, నన్ను చూశాడు, గోడ మీది క్యాలెండర్ కూడా చూశాడు.

"ఎలా ఉంటాడంటే ఏం చెప్పను తల్లీ. ఇదిగో, ఇలాగే. వారంలో ఆరు రోజులు గడ్డం గీసుకోడు, చొక్కా ఇస్త్రీ చెయ్యడు, పలకరిస్తే ఊఁ అంటాడు. కానీ రెండు నెలలుగా మంగళవారం వచ్చిందంటే తెల్లారకముందే లేచి ఇస్త్రీపెట్టె వెతుకుతాడు. ఈల వేస్తాడమ్మా, వీడు! ఆ మంగళవారం ఏమిటో నాకు అంతుపట్టలేదు." ఫ్రేము లోంచి ఆమె కళ్ళలోకి వంగి చూశాడు. "నువ్వేనా అమ్మా, మంగళవారం?"

నేను కౌంటరు కిందికి దిగిపోయాను. క్లాత్ కింద పడిందని చెప్పొచ్చు గానీ, పడలేదు.

"లేవండి" అంది ఆమె. లేచాను. ఆ బరువైన ఫ్రేములోంచి, నాన్న పెట్టిన అద్దాల్లోంచి నన్ను తేరిపార చూసింది. నలిగిన చొక్కా, మాసిన గడ్డం, అంతా.

"కంట్రోల్ క్లీన్" అంది. "ఆరు రోజులూ చీకటే."

"ఏమంటోందిరా?" అన్నాడు నాన్న.

"ఒప్పుకుందనుకుంటా నాన్నా."

"అనుకోవడం ఏమిటి? ఆ మాటేదో మామూలు మాటల్లో చెప్పొచ్చుగా తల్లీ?"

"చెప్పాలి అంకుల్. ఆ రూలు రాసింది నేనే." ఆమె ఫ్రేము తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ రెండు నెలల్లో మొదటిసారి నన్ను ఏకవచనంలో పిలిచింది. "నువ్వంటే నాకూ ఇష్టం. నువ్వు జిగురు సంగతి మెట్లెక్కి వచ్చి చెప్పిన పొద్దున్న నుంచి. అప్పుడు కోపంలో ఉన్నాను, అందుకని చెప్పలేదు."

నాన్న బాగుచేసిన కళ్ళద్దాలని మెత్తటి గుడ్డతో ఇంకోసారి తుడిచి, ఆమె చెవుల మీద సర్ది పెట్టి, వదులుగా ఉందో బిగుతుగా ఉందో రెండు వేళ్ళతో సరిచూశాడు.

"చల్లగా ఉండండి" అన్నాడు. తర్వాత నా చొక్కా వైపు ఒక చూపు చూసి, "లోపల ఇస్త్రీపెట్టె వేడెక్కేలోగా గడ్డం గీసుకునిరా. ఇక రోజూ మంగళవారమే నీకు."